మెట్లెక్కి వస్తే కిలో పైన తగ్గుతోంది, ఇది కొవ్వా చెమటా?

కొర్లగుంట కుర్రోడు

అందరికీ నమస్కారం. శనివారాలు అలిపిరి నుంచి తిరుమల కొండకి మెట్లెక్కి, దర్శనం దొరికితే చేసుకుని, కిందికి బస్సులో వస్తాను. ఇంట్లో బరువు చూసే మిషను ఉంది. మొన్న తెల్లవారుజామున బయల్దేరే ముందు చూస్తే 84.2, తిరిగొచ్చాక 82.9. కిలో 300 గ్రాములు! మా అమ్మ స్వామి దయ అంది. ఆదివారం పొద్దున చూస్తే మళ్లీ 84. ఎప్పుడూ ఇదే వరస.

నేను పోయే జిమ్‌లో ఒకాయన పొట్టకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, దాని మీద మందపాటి హుడీ వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కుతాడు. ఏసీ వెయ్యనివ్వడు. దిగాక కవరు విప్పితే నీళ్లు బొటబొటా కారతాయి. "చూడు తమ్ముడూ, కొవ్వు ఎట్లా కరుగుతా ఉందో" అంటాడు. నన్ను కూడా సౌనా బెల్టు, అంటే నడుముకి చుట్టుకుని చెమట పోయించే పట్టీ, కొనుక్కోమని ఒకటే పోరు. అసలు చెమటకీ బరువు తగ్గడానికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బైరాగిపట్టెడ బాబాయ్

ఆదివారానికి 84 ఎందుకొచ్చిందో శనివారం రాత్రి బిర్యానీ పార్సిల్ కట్టినవాణ్ణి అడుగు నాయనా.

కొర్లగుంట కుర్రోడు

శనివారం మాంసం ముట్టం బాబాయ్. పెరుగన్నం తిన్నా, అంతే.

ఫిజియాలజీ మేడం

శరీరంలో పేరుకున్న కొవ్వు ఒక కిలో తగ్గాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి, బాబూ. ఒక్క పొద్దులో మెట్లెక్కి అంత ఖర్చు పెట్టడం ఎవరి వల్లా కాదు. నీ మిషను చూపించిన తేడాలో చాలా భాగం నీళ్లే. చెమటగా కొన్ని, ఊపిరిలో ఆవిరిగా కొన్ని పోయాయి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. ఇంటికొచ్చి రెండు చెంబులు నీళ్లు తాగి, పెరుగన్నం తిని, పడుకుని లేచేసరికి ఆ బరువు మళ్లీ చేరిపోతుంది. చేరాలి కూడా. చేరకపోతేనే భయపడాలి.

చెమట పని ఒంటిని చల్లబరచడం. వేసవిలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ గోడల్లోంచి చెమ్మ బయటికి ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. చర్మం చేసేదీ అదే. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులుంటాయి. రక్తం వేడెక్కిందని మెదడులోని హైపోథాలమస్ పసిగట్టగానే అవి పని మొదలుపెడతాయి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 క్యాలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. ఈ అంకె చూపించే కొందరు బెల్టులు అమ్ముతుంటారు. లీటరు చెమట కారిస్తే 580 క్యాలరీల కొవ్వు కరిగినట్టేనని వాళ్ల వాదన. కానీ అది కండరాలు పనిచేస్తున్నప్పుడు అప్పటికే పుట్టిన వేడి, లేదా ఎండ నుంచి తగిలిన వేడి. దాన్ని బయటికి పంపడానికి మళ్లీ కొత్తగా కొవ్వు కాల్చక్కర్లేదు. పైగా ఆవిరైతేనే ఆ చల్లదనం. ప్లాస్టిక్ కవరు కింద చెమట ఆవిరి కాలేదు, అందుకే బొటబొటా కారుతోంది. ఒళ్లు చల్లబడలేదని శరీరం ఇంకా ఇంకా చెమట పోస్తుంది. నీ స్నేహితుడు కొవ్వు అనుకుని చూపిస్తున్నది అదీ.

మరి కొవ్వు ఎటు పోతుందంటావా? ఎక్కువ భాగం ఊపిరిలో. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని లెక్క రాశారు. 10 కిలోల కొవ్వు ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో బయటికి పోతాయి. మిగతా 1.6 కిలోలు నీళ్లుగా మారి మూత్రంలో, చెమటలో, ఊపిరి ఆవిరిలో కలిసిపోతాయి. అట్లాగని కూర్చున్నచోటే గబగబా గాలి పీల్చి వదిలితే తగ్గిపోరు, కళ్లు తిరుగుతాయి. కండరం పనిచేసి కొవ్వుని వాడుకుంటేనే ఆ వాయువు తయారయ్యేది.

బైరాగిపట్టెడ బాబాయ్

అంటే మేడం, దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో నా వెనకాయన రాత్రంతా నా మెడ మీద వదిలింది ఆయన కొవ్వా?

ఫిజియాలజీ మేడం

కొంత కొవ్వు, కొంత సాయంత్రం తిన్న ఉప్మా.

మెట్లదారి

నాకు ఈ లెక్కలంటే సరదా. మేడం చెప్పినదానికి మన కొండని కలుపుతాను.

అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. పైకి చేరేసరికి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతామనుకుందాం. 84 కిలోల మనిషిని అంత ఎత్తుకి లేపడానికి కావలసిన శక్తి 138 క్యాలరీలే. కానీ మన కండరాలు తిన్న శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి, మిగతాదంతా వేడి. కాబట్టి నిజంగా ఖర్చయ్యేది 550 నుంచి 700. అడ్డంగా నడిచిన దూరం కూడా కలిపితే వెయ్యి దరిదాపుల్లోకి రావచ్చు. వెయ్యే వేసుకుందాం. 7,700తో భాగిస్తే 130 గ్రాములు. అదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా సరే, తమ్ముడి మిషను చూపించిన 1,300 గ్రాములలో పదో వంతు. తక్కినది నీళ్లు.

ఇంకో సంగతి. డిసెంబరులో తెల్లవారుజామున ఎక్కితే గాలి గోపురం దాటినా చొక్కా తడవదు. మే నెలలో అయితే మొదటి రెండొందల మెట్లకే తువ్వాలు పిండుకోవాలి. మెట్లు అవే, ఎత్తు అదే, మోసిన పొట్ట అదే. ఖర్చయ్యే క్యాలరీలూ దాదాపు అవే. చెమట మాత్రం మూడింతలు. చెమటతోనే కొవ్వు కరిగేట్టయితే మేలో ఎక్కినవాళ్లు మూడింతలు తగ్గాలి కదా! గాలి గోపురం తర్వాత జింకల పార్కు దగ్గర దారి చదునుగా ఉంటుంది. అక్కడ గాలి తగిలి చెమట ఆరిపోతుంది, ఒళ్లు హాయిగా ఉంటుంది. మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ ధార. ఎంత కష్టపడుతున్నామో, గాలి ఎంత ఆడుతోందో, ఆ రెండిటికీ చెమట లెక్క చెబుతుంది. నడుముకి చెప్పదు.

లడ్డూ సంగతి కూడా చెప్పేస్తా. ఒక్కోటి 175 గ్రాములు వేసుకోండి. చక్కెర, శనగపిండి, నెయ్యి, జీడిపప్పు. గ్రాముకి 4 క్యాలరీలకి తగ్గదు. ఒక లడ్డూ అంటే 700. నేనైతే తింటాను, ప్రసాదం కాబట్టి. లెక్క మాత్రం తెలిసే తింటాను.

సంగటి ప్రియుడు

అన్నా, లడ్డూని క్యాలరీల్లో కొలిస్తే కళ్లు పోతాయి.

జిమ్ అన్న

మీరంతా పుస్తకాల్లో లెక్కలు చెబుతున్నారు. నేను చానా ఏళ్లుగా జిమ్ నడుపుతున్నా. చెమట పట్టకుండా తగ్గినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. సరే, నా మాట నమ్మొద్దు, వాచీని నమ్మండి. ఏసీ వేసి ట్రెడ్‌మిల్ మీద 40 నిమిషాలు నడిస్తే 320 క్యాలరీలు చూపిస్తుంది. అదే స్పీడు, అదే టైము, ఏసీ కట్టేస్తే 400 దాటుతుంది. మిషను అబద్ధం చెబుతుందా?

ఫిజియాలజీ మేడం

అబద్ధం చెప్పదు, ఊహించి చెబుతుంది. మణికట్టుకి పెట్టుకునే వాచీ క్యాలరీలను కొలవలేదు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసి, మీ వయసు, బరువు కలిపి అంచనా వేస్తుంది. గది వేడిగా ఉంటే రక్తం ఒకవైపు కండరాలకి, ఇంకోవైపు చల్లబడటానికి చర్మానికి పోవాలి. చెమటతో నీళ్లు పోయేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. అందుకని అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వాచీకి ఆ తేడా తెలీదు, మీరు ఎక్కువ కష్టపడుతున్నారని రాసేస్తుంది. వేడిలో ఖర్చు కాస్త పెరిగే మాట నిజమే, కానీ వాచీ చూపించినంత కాదు. పైగా ఉక్కపోతలో మనిషి తొందరగా డీలా పడతాడు. ఏసీలో గంట చేసేవాడు అక్కడ అరగంటకే దిగిపోతాడు. ఆ అరగంట క్యాలరీలు పోయినట్టేగా?

జిమ్ అన్న

వాచీ సంగతి ఒప్పుకుంటా మేడం. కానీ మా కష్టం మీకు తెలీదు. ఏసీ వేస్తే "ఏందన్నా, చెమటే పట్టలేదు, ఫీజు దండగ" అంటారు. ఫ్యాన్లు ఆపేసి నీళ్లు కారేట్టు చేస్తే "ఈరోజు అదిరింది" అని మరుసటి రోజు ముందే వచ్చి నిలబడతారు. జనానికి కనిపించేది అదొక్కటే. బెల్టులు మాత్రం నేను అమ్మను, ఎవరికీ కొనమనీ చెప్పను. నడుం చుట్టూ చెమటకాయలు లేచి, గోక్కుని పుండ్లు చేసుకుని వస్తారు. చెమట ఎక్కడ పోస్తే అక్కడే కొవ్వు కరుగుతుందనేది ఉత్తమాట. పొట్ట ఎక్సర్‌సైజు చేసినా పొట్ట ఒక్కటే తగ్గదు, అది నేనూ చెబుతాను.

కేటగిరీ 60

చిత్తూరు నుంచి. కాలేజీ రోజుల్లో జూడో ఆడాను. చెమటతో బరువు తగ్గించడమంటే మా పోటీల ముందు రాత్రి చూడాలి. 60 కిలోల కేటగిరీలో దిగాలంటే పొద్దున తూకానికి 60 దాటకూడదు. మా సీనియర్లు రెయిన్‌కోటు వేసుకుని, పైన స్వెటరు, దాని పైన ట్రాక్ సూటు వేసుకుని మెట్ల మీద పరిగెత్తేవాళ్లు. నీళ్లు తాగరు. ప్లాస్టిక్ కప్పులో ఉమ్ముతూ కూర్చునేవాళ్లు, లాలాజలం కూడా బరువే కదా అని. తూకం అయిపోగానే గ్లూకోజు నీళ్లు, అరటిపళ్లు, ఉప్పు బిస్కెట్లు. ఆట టైముకి రెండు కిలోలు తిరిగొచ్చేసేవి. తగ్గడానికి అది ఎవరూ చేయలేదు, తూకం దాటడానికి చేశారు. ఆ తేడా మాకు బాగా తెలుసు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల ఫైనల్‌కి చేరాక రాత్రంతా ఏం చేశారో అందరం చదివాం. వ్యాయామం, సౌనా (చెమట పట్టించే వేడి గది), చివరికి జుట్టు కూడా కత్తిరించారు. అయినా 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీ నుంచి తీసేశారు. లోపల నీళ్లు అయిపోతే శరీరం ఇక చెమట ఇవ్వదు, ఎంత సౌనాలో కూర్చోబెట్టినా సరే.

అమెరికాలో 1997 చివర్లో కొద్ది వారాల తేడాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇట్లా బరువు దించుకుంటూ చనిపోయారు. వేడి గదుల్లో రబ్బరు సూట్లు వేసుకుని వ్యాయామం చేశారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, సౌనాలు నిషేధించి తూకం నియమాలే మార్చేశారు. ఆ సూట్లే ఇప్పుడు ఆన్‌లైన్‌లో "ఫ్యాట్ బర్నర్" అని మన ఫోన్లలో కనిపిస్తున్నాయి.

కొర్లగుంట కుర్రోడు

అమ్మో. నేనడిగింది బెల్టు గురించి, చర్చ ఎక్కడికో పోయింది 😅

ఐసీయూ నైట్‌డ్యూటీ

ఎక్కడికీ పోలేదు తమ్ముడూ, సరిగ్గా అక్కడికే వచ్చింది. నేను నర్సుని. ఎండాకాలంలో ఒకసారి పెళ్లికి ముందు తగ్గాలని హుడీ, లోపల ప్లాస్టిక్ వేసుకుని గ్రౌండులో పరిగెత్తిన కుర్రాణ్ణి స్నేహితులు ఆటోలో తీసుకొచ్చారు. ముట్టుకుంటే ఒళ్లు పొయ్యి మీద పెట్టినట్టుంది, టీషర్టు పిండితే నీళ్లు. తొడలు, పిక్కలు గట్టిగా పట్టేసి చెయ్యి వెయ్యనివ్వడం లేదు. పేరడిగితే ఒకసారి తన పేరు, ఒకసారి వాళ్ల అన్న పేరు చెబుతున్నాడు. యూరిన్ బ్యాగులోకి వచ్చింది ముదురు కాఫీ డికాక్షన్ రంగు. కండరాలు చితికి ఆ పదార్థం మూత్రపిండాల్లోకి దిగినప్పుడు అట్లా వస్తుంది. కొన్ని రోజులు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. బతికాడు. పెళ్లి వాయిదా పడింది.

వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ముసలివాళ్లలో, ఎండలో ఊరికే ఉన్నవాళ్లలో అట్లా జరగొచ్చు. కష్టపడి పని చేస్తూ, పరిగెత్తుతూ పడిపోయినవాళ్లకి చెమట కారుతూనే ఉండొచ్చు. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అనుకుని ఇంట్లో పడుకోబెట్టొద్దు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా వెంటనే నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇంకోటి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే షుగరు పేషెంట్లు కొండెక్కేటప్పుడు జాగ్రత్త. ఎక్కుతుంటే వచ్చే చెమట వేరు. కూర్చున్నా ఆగని చల్లని చెమట, చేతుల వణుకు, ఒక్కసారిగా ఆకలి, చిరాకు, ఇవి షుగరు పడిపోతోందనే గుర్తులు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట కూర్చుని మళ్లీ చూసుకోవాలి. జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా ఎక్కొద్దు. సామాను అలిపిరి కౌంటర్లో ఇచ్చేస్తారు కదా, ఆ సంచిలో మాత్రలతో పాటు గ్లూకోజు కూడా పైకెళ్లిపోతుంది. నేను కళ్లారా చూశాను. ఛాతీ బరువుగా ఉండి చల్లని చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు, షుగరు అనుకుని ఆగొద్దు.

గ్రీమ్స్‌పేట అక్క

నాది అందరికీ వ్యతిరేకమైన సమస్య. రోజూ పొద్దున్నే ముప్పావుగంట నడుస్తాను. మెడ దగ్గర కాస్త తడి తప్ప చెమటే పట్టదు. మా ఆడపడుచు ఇల్లు తుడిస్తేనే తడిసి ముద్దయిపోతుంది. "వదినా, నువ్వు నడిచేది నడకే కాదు" అంటుంది. నా నడక వేస్టా?

మెట్లదారి

వేస్టు కాదక్కా. చెమట ఎంత పడుతుందనేది మనిషిని బట్టి, ఒళ్లు బట్టి, వాతావరణాన్ని బట్టి. లావుగా ఉంటే ఎక్కువ పడుతుంది, ఎండకి అలవాటు పడినవాళ్లకి తొందరగా పడుతుంది. వ్యాయామం బాగా అలవాటైనవాళ్లకే చెమట ముందు మొదలవుతుంది, ఎక్కువా పడుతుంది. ఎండలో కొత్తగా పనిలోకి దిగిన కూలీకి పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు ఆ వేడికి తయారవుతుంది. అప్పుడు చెమట పెరుగుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఇటుకబట్టీ దగ్గర పనిచేసే పాతకాపులకి ఇది బాగా తెలుసు, కొత్తవాళ్లని మొదటివారం మధ్యాహ్నం దింపరు.

నడక సరిపోతోందా లేదా చూడాలంటే నడుస్తూ మాట్లాడి చూడండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది చాలు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు అట్లా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీరు రోజూ నడిస్తే అది దాటేసినట్టే.

ఐసీయూ నైట్‌డ్యూటీ

అక్కా, బరువు మిషనుకన్నా దర్జీ టేపు నమ్మండి. బొడ్డు దగ్గర చుట్టూ పట్టి చూసుకోండి. మనవాళ్లలో ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. మీ ఆడపడుచుకి ఇల్లు తుడిస్తేనే అంత చెమట పడుతోందంటే, ఆమెకి ఎప్పటి నుంచో ఇంతేనా, ఈమధ్యే మొదలైందా అడగండి. కొత్తగా అయితే థైరాయిడ్ చూపించుకోమనండి. నెలసరి ఆగే వయసైతే ఒంట్లో ఆవిర్లు రావడం మామూలే.

సంగటి ప్రియుడు

నాదొక డౌటు. చెమట కాదు గానీ దానికి దగ్గరదే. అన్నం, సంగటి రెండూ మానేశాను. వారం తిరిగేసరికి మూడు కిలోలు పోయాయి. తర్వాత మిషను ముల్లు కదలడం లేదు. అవి కూడా నీళ్లేనా?

ఫిజియాలజీ మేడం

చాలావరకు నీళ్లే. కండరాల్లో, కాలేయంలో పిండి పదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా ఉంటాయి. అన్నం మానేస్తే ముందు ఆ నిల్వ ఖర్చయి నీళ్లు బయటికి పోతాయి. సంగటి మళ్లీ మొదలుపెట్టిన రోజు కిలోన్నర పెరిగితే కంగారు పడొద్దు, అదీ కొవ్వు కాదు. సంగటి మానక్కర్లేదు. ముద్ద సైజు తగ్గించి, పక్కన ఊరుబిండి పచ్చడి బదులు ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోండి. ఊరుబిండిలో శనక్కాయలు, నూనె ఉంటాయి, ముద్దకన్నా దానికే జాగ్రత్త పడాలి.

దీనికి తోడు ఇంకో ప్రమాదం చెప్పాలి. కొందరు మెడికల్ షాపులో నీటి మాత్రలు అడిగి తెచ్చుకుంటున్నారు. బీపీకి, కాళ్ల వాపులకి డాక్టరు రాసే మాత్రలు అవి. మూత్రం ఎక్కువ పోయి మిషను మీద బరువు తగ్గుతుంది, కొవ్వు గ్రాము కూడా కదలదు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. చెమట బెల్టుకన్నా ఇది చాలా ప్రమాదం.

సంగటి ప్రియుడు

ఊరుబిండి లేకుండా సంగటా! మేడం మీది చిత్తూరు జిల్లా కాదనుకుంటా.

ఫిజియాలజీ మేడం

పలమనేరు. అందుకే జాగ్రత్త అన్నాను, మానమనలేదు.

కేటగిరీ 60

కుర్రోడికి ఒక పనికొచ్చే మాట. నీ ఇంట్లో మిషనుకి ఒక మంచి వాడకం ఉంది. ఎక్కే ముందు, దిగాక తడి బట్టలు మార్చుకుని తూగు. మధ్యలో తాగిన నీళ్లు కూడా లెక్కేసుకో. తేడా ఎంతో అంత నీళ్లు ఒంట్లోంచి పోయినట్టు. కిలో తగ్గితే లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా తాగాలి, తాగిందాంట్లో కొంత మూత్రంగా పోతుంది కాబట్టి. గటగటా కాదు, రెండు మూడు గంటల్లో. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు తగ్గేసరికి ఒళ్లు బరువెక్కుతుంది, ఆట దెబ్బతింటుంది. నీకు అది కిలో 700 దాకా.

బైరాగిపట్టెడ బాబాయ్

నీళ్లా, కొబ్బరి బోండామా, రంగు డ్రింకా? మెట్ల పక్కన ఇవన్నీ దొరుకుతాయి.

ఐసీయూ నైట్‌డ్యూటీ

గంటా గంటన్నర ఎక్కుడుకి నీళ్లు చాలు. ఎండలో మూడు నాలుగు గంటలు పడితే ఉప్పు కూడా కావాలి. పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగేస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మరీ ముదిరితే ఫిట్స్ వస్తాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ, చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. బాగా డీలా పడితే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉంటే అన్నిట్లోనే కలపండి, గ్లాసులో సగం సగం పోసుకోవద్దు. అందుబాటులో లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా గీసి. టెట్రాప్యాక్‌లో పళ్ల రసం రుచితో దొరికేవన్నీ ఓఆర్‌ఎస్ కావు, చక్కెర ఎక్కువుంటుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్ని అడిగే చూసుకోవాలి.

పాకాల జంక్షన్

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. ఒకటి అడగాలి. మా మామకి యాభై దాటాయి. ఏ వ్యాయామం లేదు. ఈమధ్య రాత్రిళ్లు దిండు, దుప్పటి తడిసేట్టు చెమట పడుతోంది. బరువు కూడా బాగా తగ్గాడు, బెల్టుకి కొత్త చిల్లు పొడిచాం. ఊళ్లో అందరూ "ఏం తింటున్నావు, భలే సన్నబడ్డావే" అంటున్నారు. ఆయనకీ సంతోషంగానే ఉంది. నాకే ఎందుకో టెన్షన్.

ఐసీయూ నైట్‌డ్యూటీ

దగ్గు ఉందా? సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతుందా? ఆకలి ఎట్లా ఉంది?

పాకాల జంక్షన్

దగ్గు ఉంది, బీడీ దగ్గు అంటాడు. జ్వరం అప్పుడప్పుడూ. అన్నం సగం వదిలేస్తున్నాడు.

ఐసీయూ నైట్‌డ్యూటీ

అయితే ఆలస్యం చేయొద్దు. ఫోన్లో చదివి ఇదీ అని చెప్పకూడదు గానీ, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఈ నాలుగూ కలిస్తే మేము ముందు టీబీ పరీక్షే చేయిస్తాం. థైరాయిడ్ ఎక్కువైనా చెమట, బరువు తగ్గడం రెండూ కనిపిస్తాయి, కానీ అప్పుడు ఆకలి సాధారణంగా పెరుగుతుంది, గుండె దడ ఉంటుంది. ఇంకా వేరే కారణాలూ ఉండొచ్చు, డాక్టరు చూసి చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష, మందులు ఉచితం. తిరుపతికి రాగలిగితే రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. టీబీ అని తేలితే మందులు వాడినన్నాళ్లూ పోషకాహారం కోసం నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. పరీక్షలో ఏదో తేలేవరకూ ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోమనండి.

పాకాల జంక్షన్

రేపే తీసుకొస్తా అక్కా. పరగడుపున రావాలా? బీడీ మానేసి రావాలా?

ఐసీయూ నైట్‌డ్యూటీ

కళ్లె పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. కానీ పొద్దున లేవగానే వచ్చే కళ్లె అయితే మంచిది. ముందు ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీలోంచి దగ్గి తీయాలి. ఉమ్మి ఇస్తే పనికిరాదు, మళ్లీ రమ్మంటారు. డబ్బా వాళ్లే ఇస్తారు. ఎక్స్‌రే తీస్తారు కాబట్టి మెడలో గొలుసు, తాయెత్తు ఇంట్లోనే తీసేసి రమ్మనండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ పట్టుకురండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలేమైనా ఉంటే ఖాళీ స్ట్రిప్పులైనా సరే తీసుకురండి. ఓపీకి తొమ్మిది లోపు చేరుకోండి, తర్వాత క్యూ పెరిగిపోతుంది.